హాలులో కట్టే జెండా ఎవరి మాట?

మిత్రులారా,

తమ దగ్గర ఎన్ని దేశాల పిల్లలు చదువుతున్నారో చూపించుకోవడానికి అమెరికా విశ్వవిద్యాలయాలు ఆ దేశాల జెండాలను వరుసగా కడుతుంటాయి. ఫొటోలకు బాగానే ఉంటుంది. దేశం విడిచి వచ్చినవారి జెండా, ఇప్పుడు అక్కడి నుంచి చదువుకు వస్తున్నవారి జెండా వేరైనప్పుడే అసలు చిక్కు.

వియత్నామీయుల సంగతే చూడండి. పసుపు మీద మూడు ఎర్ర చారలు దక్షిణ వియత్నాం జెండా. 1975 ఏప్రిల్ 30న దాని రాజధాని సైగాన్ ఉత్తర వియత్నాం కమ్యూనిస్టుల వశం కావడంతో ఆ ప్రభుత్వం పోయింది. జెండా మాత్రం శరణార్థులతో కాలిఫోర్నియాకూ టెక్సాస్‌కూ వచ్చింది. నేటి వియత్నాంది ఎర్ర గుడ్డ మీద పసుపు నక్షత్రం. శరణార్థుల కంటికి అది యుద్ధం ముగిశాక తమవాళ్లను ‘పునర్విద్య’ పేరిట శిబిరాల్లో బంధించినవారి గుర్తు. 1999లో కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒక వీడియో దుకాణదారు కమ్యూనిస్టు నేత హోచిమిన్ చిత్రంతో పాటు ఆ జెండా పెడితే వేలమంది వారాల తరబడి నిరసన తెలిపారు. 2003లో ఆ నగరం పసుపు జెండాకు అధికారిక గుర్తింపు ఇచ్చింది.

2006లో ఈ తగవు టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణానికి చేరింది. హాలులోని ఎర్ర జెండా మీద నిరసనలు రేగాయి. చివరికి అధికారులు అన్ని దేశాల జెండాలనూ దించేశారు. నా దృష్టిలో అది తటస్థత కాదు, తప్పించుకోవడం. ఏ తగవుతోనూ సంబంధం లేని దేశాల పిల్లల జెండాలూ పోయాయి, వియత్నామీయులకు జవాబూ దొరకలేదు.

వియత్నాంతో అమెరికా 1995లోనే దౌత్య సంబంధాలు నెలకొల్పుకుంది. నేటి వియత్నాం రాజధాని హనోయి నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల అమ్మాయికి ఎర్ర జెండా పుట్టినప్పటి నుంచి చూస్తున్న జెండా, అంతే. ఆమె యుద్ధం చేయలేదు, ఎవరినీ జైల్లో పెట్టలేదు. మన చర్చల్లో ఆమె ఊసే రాదు.

అందుకే, ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరని ముందు తేల్చుకోవాలి. 2022లో బోస్టన్ నగర జెండా స్తంభం కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీన్నే పరిశీలించింది. ప్రభుత్వం తన మాటగా ఎగరేస్తే ఎంపిక దానిది. అడిగినవారందరికీ స్తంభం ఇస్తూ వచ్చాక, ఒకరి అభిప్రాయాన్ని బట్టి కాదనకూడదు. రాజ్యాంగం ఇచ్చే ఈ వాక్ స్వాతంత్ర్య హామీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకూ వర్తిస్తుంది.

హాలులోని వరుస విశ్వవిద్యాలయం మాట. అక్కడ అమెరికా గుర్తించిన దేశాల జెండాలే కట్టి, ఈ వరుస ఎవరికీ ప్రశంస కాదని కింద రాసి పెట్టాలి. విద్యార్థి సంఘం బల్ల, సాంస్కృతిక సభ, మెడలో వేసుకునే కండువా విద్యార్థుల మాట. అక్కడ పసుపు జెండాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. హనోయి అమ్మాయి ఎర్ర కండువాకూ అక్కర్లేదు. దీనితో పెద్దల మనసు నొచ్చుకుంటుందని తెలుసు. శిబిరాల్లో ఏళ్లు గడిపి వచ్చిన మనిషికి దౌత్య సంబంధాల గురించి చెప్పడం నాకూ సులువు కాదు. అయినా ఆయన బాధకు చోటివ్వడం వేరు, ఆ అమ్మాయి కండువా తీయించడం వేరు. మొదటిది విశ్వవిద్యాలయం చేయాలి. రెండోది చేయకూడదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.