అడిలైడ్, ఆలిస్, హైడి: ఒకే పేరు, మూడు ముక్కలు

[తెర మీద: అడిలైడ్ ఓవల్ మైదానం, పాత స్కోరు బోర్డు]

2003 డిసెంబరు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టెస్టు మ్యాచ్. తెల్లవారుజామునే అలారం పెట్టుకుని లేచి, దుప్పటి కప్పుకునే టీవీ ముందు కూర్చున్నవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. ఆస్ట్రేలియా 556 కొట్టింది. మనవాళ్ళు 85కే 4 వికెట్లు పోగొట్టుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నప్పుడు ద్రావిడ్, మన హైదరాబాద్ లక్ష్మణ్ కలిసి 303 పరుగులు జోడించారు. ద్రావిడ్ 233, లక్ష్మణ్ 148. ఐదో రోజు మ్యాచ్ గెలిచాం. అడిలైడ్ అనే మాట అప్పుడే మన నోట్లో బాగా నలిగింది.

ఆ అడిలైడ్ నిజానికి ఒక ఆడపిల్ల పేరు. అదీ అచ్చమైన జర్మన్ పేరు. మనకు తెలిసిన ఆలిస్ కూడా అదే పేరు. హైడి కూడా అదే. మూడూ ఒకే చెట్టు కొమ్మలంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. అందుకే ఈ వీడియో.

[తెర మీద: పేరు రెండు ముక్కలుగా విడిపోతుంది: ఆడెల్ + హైట్]

అసలు పేరు ఆడెల్‌హైట్. రాతలో చివర 'డ' ఉన్నా జర్మన్లు 'ట' అని పలుకుతారు. పాత జర్మన్ భాషలో మొదటి ముక్క 'అదల్'. అంటే గొప్ప వంశం, పెద్ద ఇల్లు. ఇప్పటి జర్మన్‌లో కూడా రాజులూ జమీందార్ల వర్గాన్ని 'ఆడెల్' అనే అంటారు. రెండో ముక్క 'హైట్'. నాకు బాగా నచ్చింది ఇదే. దానికి తీరు, రకం, స్థితి అని అర్థం. కాలక్రమంలో అది విడి మాటగా పోయి, వేరే మాటల చివర అతుక్కునే ముక్కగా మిగిలింది. జర్మన్‌లో 'ఫ్రై' అంటే స్వేచ్ఛగా ఉన్న, 'ఫ్రైహైట్' అంటే స్వేచ్ఛ. 'క్రాంక్' అంటే జబ్బుపడిన, 'క్రాంక్‌హైట్' అంటే జబ్బు. ఇంగ్లీషులో చైల్డ్‌హుడ్, మదర్‌హుడ్ అంటాం కదా, ఆ 'హుడ్' దీనికి తోబుట్టువే.

తెలుగులో ఆ పని చేసేది 'తనం'. మంచితనం, పసితనం, అమ్మతనం. కాబట్టి ఆడెల్‌హైట్‌ని మాటకు మాటగా విప్పితే గొప్పతనం, పెద్దింటితనం అని వస్తుంది. దొరతనం అన్నా అర్థం సరిపోతుంది. కానీ తెలంగాణలో దొర అన్న మాట వెనక ఎంత వెట్టి, ఎంత కన్నీరు ఉందో తెలిసిన నాకు, పసిపాప పేరుకి ఆ మాట వాడబుద్ధి కావడం లేదు. గొప్పతనం అనే ఉంచుకుందాం.

[తెర మీద: ఒక పేరు నుంచి రెండు బాణాలు]

మరి ఇంత పొడుగు పేరు ఇన్ని రకాలుగా ఎలా మారింది? మన ఇళ్ళలో జరిగేదే. వెంకటలక్ష్మి అని పేరు పెడతారు. పుట్టింట్లో వెంకి అంటారు, అత్తారింట్లో లక్ష్మి అంటారు. ఒకరు తల పట్టుకున్నారు, ఒకరు తోక పట్టుకున్నారు. ఇక్కడా అంతే. ఆడెల్‌హైట్ ఫ్రాన్సు వైపు వెళ్ళి 'ఆదెలైస్' అయింది. ఫ్రెంచివాళ్ళ నోట్లో మధ్యలో 'ద' కరిగిపోయి 'ఆలిస్' మిగిలింది. అది ఇంగ్లండు చేరి ఆలిస్‌గా స్థిరపడింది. జర్మన్ మాట్లాడే కొండ ఊళ్ళలో మాత్రం తోక పట్టుకున్నారు. హైట్ కాస్తా ముద్దుగా హైడి అయింది. పెద్దగా అరగకుండా నిలబడ్డది అడిలైడ్ ఒక్కటే.

[తెర మీద: మధ్యయుగపు కోట బొమ్మ]

ఈ పేరుకి మొదటి వెలుగు తెచ్చింది ఒక మహారాణి. 931లో బుర్గుండి రాజు ఇంట పుట్టింది. చిన్న వయసులోనే ఇటలీ రాజుతో పెళ్ళయింది. 950లో భర్త పోయాడు. సింహాసనం ఎక్కిన బెరెంగార్ తన కొడుకుని చేసుకోమని ఒత్తిడి పెట్టాడు. కుదరదంది. ఖైదులో వేశాడు. ఆమె తప్పించుకుంది, జర్మనీ రాజు మొదటి ఒట్టోని పెళ్ళి చేసుకుంది. 962లో రోములో ఇద్దరికీ పట్టాభిషేకం జరిగింది. భర్తా కొడుకూ పోయాక, పసివాడైన మనవడి తరఫున రాజ్యం కూడా నడిపింది. 999 డిసెంబరు 16న కన్నుమూసింది. తర్వాత ఆమెను పునీతగా ప్రకటించారు, ఆమె పండగ కూడా డిసెంబరు 16నే. అడిలైడ్‌లో మనం ఆ టెస్టు గెలిచింది కూడా డిసెంబరు 16నే. కాకతాళీయమే, అయినా తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

అయితే ఆ ఊరు ఈ మహారాణి పేరుది కాదు. జర్మనీలోని మైనింగెన్‌లో 1792లో పుట్టిన ఇంకో అడిలైడ్‌ది. ఆమె ఇంగ్లండు రాజు నాలుగో విలియం భార్య. 1836లో దక్షిణ ఆస్ట్రేలియాలో కొత్త ఊరు కడుతున్నప్పుడు, రాజు తన భార్య పేరు పెట్టమన్నాడు. ఆమెకు పుట్టిన ఆడపిల్లల్లో ఒకరు కొన్ని గంటలే బతికారు, ఇంకొకరు మూడు నెలలు. ఒక్క బిడ్డా దక్కలేదు. పెరిగి పెద్దయిన కూతురంటూ లేని ఆ తల్లి పేరే ఇవాళ ఒక నగరం. అక్కడ చదువుకుంటున్న, స్థిరపడిన మన తెలుగు పిల్లలు ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా పలికేది ఆమె పేరే.

[తెర మీద: నది, చిన్న పడవ]

ఇక ఆలిస్. 1862 జులై మొదటి వారం ఈ పేరుకి మరిచిపోలేనిది. జులై 1న విక్టోరియా రాణి రెండో కూతురు ఆలిస్‌కి జర్మనీలోని హెస్ రాజకుమారుడితో పెళ్ళయింది. మూడు రోజుల తర్వాత, జులై 4న, ఆక్స్‌ఫర్డ్ దగ్గర నదిలో పడవ మీద ఒక లెక్కల మాస్టారు ఆలిస్ లిడెల్ అనే పదేళ్ళ పాపకి, ఆమె అక్కచెల్లెళ్ళకి ఒక కథ చెప్పాడు. 1865లో అది అచ్చయింది. అదే 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్'. కుందేలు వెంట బొరియలోకి వెళ్ళే ఆ ఆలిస్ లోకమంతా తిరిగింది.

రాకుమారి ఆలిస్ కథ వేరు. ఆమె అత్తగారి ఊరు జర్మనీలోని డార్మ్‌స్టాట్. పేరు పుట్టిల్లు జర్మనీయే కదా, అక్కడ ఆమె పేరు సరిగ్గా పలికేవాళ్ళు లేరు! 'అలీసే' అని సాగదీసేవారట. నా పేరు ఖూనీ చేస్తున్నారని పుట్టింటికి ఉత్తరం రాసింది. 1872లో పుట్టిన కూతురికి తన పేరే పెట్టాలనుకుని, వాళ్ళు పలకగలిగేలా 'అలిక్స్' అని మార్చింది. ఆ అలిక్సే తర్వాత రష్యా చివరి మహారాణి అలెగ్జాండ్రా. 1918లో భర్తా పిల్లలతో పాటు ఆమెను కాల్చి చంపారు.

[తెర మీద: ఆల్ప్స్ కొండలు, మేకలు]

హైడికి మాత్రం కిరీటాలు లేవు. స్విట్జర్లాండ్ రచయిత్రి యోహానా ష్పీరి 1880లో రాసిన కథలో, కొండ మీద తాత దగ్గర పెరిగే ఒక అనాథ పాప ఆమె. ఎనిమిదేళ్ళప్పుడు ఆ పాపని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక డబ్బున్నవాళ్ళ ఇంటికి తీసుకెళ్తారు. ఇంటి పెత్తనం చేసే రాటెన్‌మైయర్ అనే ఆవిడ పేరు అడుగుతుంది. హైడి అంటుంది పాప. అది బాప్తిస్మంలో పెట్టే పేరు కాదు, అసలు పేరు చెప్పమంటుంది ఆవిడ. పాపకి గుర్తే లేదు. వెంట వచ్చిన పిన్ని అందుకుని, తల్లి పేరే పెట్టారండీ, ఆడెల్‌హైట్ అని చెబుతుంది. ఆవిడ మనసు కుదుటపడుతుంది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆవిడ గట్టిగా 'ఆడెల్‌హైట్!' అని పిలుస్తుంటే, ఆ పేరు తనదేనని పాపకి ఒక్కోసారి తట్టదు, పలకదు. కొన్నాళ్ళకి ఆ ఇంటి అవ్వ వచ్చి నీ పేరేంటమ్మా అని అడుగుతుంది. నన్ను హైడి అంటారు, కానీ ఆడెల్‌హైట్ అని పిలవాలంటే జాగ్రత్తగా వింటాను అంటుంది పాప. ఆ జవాబు చదివినప్పుడు నా గుండె పట్టేసింది. ఊరొదిలి వచ్చిన పిల్ల, తన పేరే తాను కొత్తగా నేర్చుకుంటోంది. అవ్వ మాత్రం ఈ పాపకి హైడి అలవాటైతే నేనూ హైడి అనే పిలుస్తానంటుంది.

ఈ పేరుని ఎక్కువ ఇళ్ళలోకి తీసుకెళ్ళింది ఆ పాపే. 1937లో హాలీవుడ్ సినిమా వచ్చింది. 1968 నవంబరు 17న అమెరికాలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ఆఖరి నిమిషంలో ఉండగా, టీవీవాళ్ళు ఆపేసి హైడి సినిమా మొదలుపెట్టారు. ఆ నిమిషంలోనే ఓడిపోతున్న జట్టు గెలిచేసింది, చూసేవాళ్ళు మండిపడ్డారు. ఆ మ్యాచ్‌ని ఇప్పటికీ హైడి గేమ్ అనే పిలుస్తారు. 1974లో జపాన్‌వాళ్ళు 52 భాగాల కార్టూన్ తీశారు. 1970లలో అమెరికాలో పుట్టిన ఆడపిల్లల పేర్ల జాబితాలో హైడి మొదటి 100లో ఉంది. మోడల్ హైడి క్లూమ్ జర్మనీలో పుట్టింది కూడా ఆ కాలంలోనే, 1973లో.

ఇవాళ్టి సంగతి చూస్తే, స్వీడన్‌లో ఆలిస్ కొన్నేళ్ళు మొదటి స్థానంలో నిలిచింది. ఇటలీలో మొదటి పదిలో కనిపిస్తుంది, అక్కడ 'ఆలీచే' అంటారు. అమెరికాలో దాదాపు మాయమైపోయిన అడిలైడ్ 2000 తర్వాత మళ్ళీ వచ్చింది. కానీ పుట్టింట్లో, జర్మనీలో, ఆడెల్‌హైట్ అంటే ఇప్పుడు అమ్మమ్మల కాలం పేరు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఎవరైనా పాపకి హైడి అని పెట్టాలనుకుంటే ఒక్క మాట. స్పెల్లింగ్ చూసి 'హీడి' అని పలకకండి. ఐన్‌స్టైన్ పేరులో రెండుసార్లు వచ్చే 'ఐ' శబ్దమే ఇందులోనూ ఉంది.

[తెర మీద: గోరంత వెండి నాణెం, దగ్గరగా]

చివరగా ఇది చూడండి. మహారాణి ఆడెల్‌హైట్ పేరుతో వేసిన వెండి నాణెం. హార్జ్ కొండల గనుల వెండి. ఒకవైపు శిలువ, దాని మూలల్లో ఆమె మనవడు మూడో ఒట్టో పేరు. రెండోవైపు చిన్న చర్చి బొమ్మ, చుట్టూ మహారాణి పేరు. అక్షరాలు కూడబలుక్కుని చదవండి: ఏ, టి, ఇ, ఏ, హెచ్, ఎల్, హెచ్, టి. టంకశాలలో అచ్చు చెక్కినవాళ్ళు ఆ పొడుగు పేరుని రాయలేక, వెయ్యేళ్ళ కిందటే అక్షరాలు తారుమారు చేసేశారు.