స్వీడన్ చెత్త, ఇథియోపియా కట్టెలు: ఒకే పద్దులో రెండు దేశాలు

[తెర మీద: రెండు నిలువు పట్టీలు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. దేశాల పేర్లు ఇంకా కనపడవు.]

అంతర్జాతీయ ఇంధన సంస్థ, అంటే ఐఈఏ, ప్రతి దేశం ఏటా వాడే ఇంధనాన్ని కొన్ని పద్దుల కింద లెక్క రాస్తుంది. బొగ్గు, చమురు, గ్యాస్, అణుశక్తి, జలశక్తి, ఇలా. వాటిలో ఒక పద్దు పేరు ‘జీవ ఇంధనాలు, వ్యర్థాలు’. ఈ రెండు పట్టీలూ ఆ పద్దువే. మొదటి దేశం వాడే మొత్తం ఇంధనంలో దాదాపు 90 శాతం ఇందులోంచే వస్తుంది. రెండో దేశంలో అది సుమారు పావు వంతు.

ఇంతవరకే చూస్తే మొదటి దేశం పర్యావరణానికి ఎంతో మేలు చేస్తున్నట్టుంది. ఇప్పుడు పేర్లు చూడండి.

[తెర మీద: పొడుగు పట్టీ కింద ‘ఇథియోపియా’, పొట్టి పట్టీ కింద ‘స్వీడన్’.]

ముందు ఇథియోపియా పట్టీని విప్పి చూద్దాం. అందులో దాదాపు అంతా కట్టెలే. కొంత కట్టెబొగ్గు, కొంత పిడకలు, పంట కోశాక మిగిలిన మోళ్లు, చొప్ప. ఇదంతా పోయేది వంటింటి పొయ్యిలోకి. అందులోనూ పెద్ద వాటా ఇంజెరాది. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసే వెడల్పాటి రొట్టె అది. దాన్ని కాల్చే పెనాన్ని మితాద్ అంటారు. అంత పెద్ద పెనం అంచుల దాకా సమంగా వేడెక్కాలంటే మంట చాలా కావాలి.

కట్టెల కరువు అక్కడ కొత్తదేమీ కాదు. 1890ల్లో మెనెలిక్ చక్రవర్తి కాలంలోనే రాజధాని అదిస్ అబాబా చుట్టూ అడవి కరిగిపోయి, పొయ్యిలోకి కట్టెల కోసం ఆస్ట్రేలియా నుంచి నీలగిరి చెట్లు తెప్పించి నాటారు. నగరం పక్కనున్న ఎంటోటో కొండల మీద ఆ చెట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడి నుంచి వీపు మీద మోపులు మోసుకుంటూ దిగే ఆడవాళ్లు కూడా ఈ గణాంకంలో భాగమే. గ్రాఫులో వాళ్లు కనిపించరు, అంతే.

[తెర మీద: మూడు రాళ్ల పొయ్యి. మంటలో ఎక్కువ భాగం పక్కలకు పోతున్నట్టు బాణాలు.]

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐఈఏ లెక్క పొయ్యిలోకి వెళ్లిన కట్టెలో ఎంత శక్తి ఉందో రాస్తుంది, గిన్నెకు ఎంత వేడి అందిందో కాదు. మూడు రాళ్ల పొయ్యిలో నూటికి 10, 15 పాళ్లు గిన్నెకు చేరితే గొప్పే. మిగతాది గాలికి పోతుంది, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కట్టెబొగ్గయితే ఇంకో నష్టం: మట్టి కప్పి కాల్చే బట్టీలోనే కట్టెలోని శక్తి సగానికి పైగా ఆవిరైపోతుంది. పిడకలు కాలిస్తే పొలానికి పోవాల్సిన ఎరువు బూడిదవుతుంది. అంటే ఆ 90 శాతంలో వృథాయే ఎక్కువ. పైగా కట్టెల మోపుకు మీటరుండదు. సర్వేలు చేసి, ఇంటికి ఇంత అని అంచనా కట్టిన అంకె అది.

స్వీడన్‌లో ఇంత అంచనా అక్కర్లేదు, చాలావరకు తూకం వేసి, బిల్లు రాసిన సరుకే. ఏడాదికి సుమారు 140 టెరావాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో 14,000 కోట్ల యూనిట్లు. అందులో పెద్ద భాగం అడవి మీద బతికే పరిశ్రమలదే: బెరడు, రంపపు పొట్టు, నరికాక మిగిలిన కొమ్మలు. చెక్కను ఉడికించి కాగితపు గుజ్జు తీశాక చిక్కటి నల్లని ద్రవం మిగులుతుంది, దాన్ని బ్లాక్ లిక్కర్ అంటారు. మిల్లు దాన్ని పారబోయదు, బాయిలర్లో మండించి తన ఆవిరి, కరెంటు తనే చేసుకుంటుంది.

మరి ఇళ్లు? 1970ల ఆరంభంలో స్వీడన్ ఇంధనంలో ముప్పావు వంతు దాకా చమురే. 1973లో చమురు ధర మండిపోయేసరికి దేశం హడలిపోయింది. ఊరికంతటికీ ఒకేచోట నీళ్లు కాచి, పైపుల్లో ఇంటింటికీ పంపే ఏర్పాటు అప్పటికే చాలా ఊళ్లలో ఉంది. దాన్నే డిస్ట్రిక్ట్ హీటింగ్ అంటారు. బాయిలర్లో చమురు తీసేసి చెక్కముక్కలు వేస్తే చాలు, ఇళ్లలో ఏదీ మార్చక్కర్లేదు. వెక్షో అనే ఊరు 1980లోనే ఆ పని మొదలుపెట్టింది. 1991లో దేశం కార్బన్ పన్ను, అంటే చమురు, బొగ్గు లాంటివి కాలిస్తే వచ్చే కార్బన్ మీద పన్ను, వేశాక చెక్కముక్కలే చవకయ్యాయి. నన్నడిగితే స్వీడన్ కథలో అసలు హీరో అడవి కాదు, ఆ పైపులూ ఆ పన్నూ.

చెత్త సంగతి వేరు. మండే చెత్తను గుంటల్లో పూడ్చడాన్ని 2002లో, కుళ్లే చెత్తను పూడ్చడాన్ని 2005లో నిషేధించారు. ఇప్పుడు ఇళ్ల చెత్తలో సుమారు సగం ప్లాంట్లలో కాలి వేడి, కరెంటు అవుతుంది. సరిపోక పక్క దేశాల నుంచి కూడా తెచ్చుకుంటారు, దానికి ఎదురు డబ్బులు పుచ్చుకుంటారు! అయితే ఆ చెత్తలో ప్లాస్టిక్ ఉంటుంది. ప్లాస్టిక్ అంటే చమురే. అదీ ఈ పద్దులోనే పడుతుంది కాబట్టి పట్టీ మొత్తాన్నీ ఆకుపచ్చ రంగుతో నింపేయడం సరికాదు.

[తెర మీద: అవే పట్టీలు, ఈసారి తలసరి లెక్కలో. స్వీడన్ పట్టీ పైకి లేస్తుంది.]

ఇప్పుడు జనాభాతో భాగించండి. స్వీడన్ జనాభా కోటి పైచిలుకు, ఇథియోపియాది 12 కోట్లకు పైనే. మొత్తంగా చూస్తే ఇథియోపియా వాడకమే ఎక్కువ. తలసరి చూస్తే స్వీడన్ చాలా ముందుంది: మనిషికి 13 మెగావాట్ అవర్ల దాకా, అంటే 13,000 యూనిట్లు. కట్టెల పొయ్యి మీద బతికే దేశం కన్నా, వంటకు కట్టెలు అక్కర్లేని దేశం మనిషికి ఈ పద్దులోని ఇంధనం ఎక్కువ కాలుస్తోంది. కాకపోతే అక్కడ వృథా తక్కువ.

అందుకే ఈ పట్టీ కదలికను రెండు దేశాల్లో ఒకేలా చదవకూడదు. స్వీడన్‌లో ఇది పెరిగినప్పుడల్లా సాధారణంగా చమురు తగ్గింది. తిరగేసినా అంతే. డీజిల్ అమ్మేవాళ్లు అందులో జీవ ఇంధనం కలపడం లాంటి పనులతో దాని కర్బన ఉద్గారాలను ఇంత శాతం తగ్గించాలని అక్కడ నియమం ఉంది. 2024లో ఆ శాతాన్ని 30.5 నుంచి 6కు దించేశారు. దాంతో బంకుల్లో శిలాజ డీజిల్, అంటే చమురు నుంచి తీసిన డీజిల్, వాటా మళ్లీ పెరిగింది. ఇథియోపియాలో మాత్రం ఈ పట్టీ తగ్గితేనే మంచి కబురు.

అలాగని ఇథియోపియా స్వీడన్ దారిని అసలు తొక్కలేదని కాదు. అదిస్ అబాబాలోని కోషె చెత్తకొండ 2017 మార్చిలో విరిగిపడి వంద మందికి పైగా చనిపోయారు. ఆ పక్కనే కడుతున్న రెప్పీ ప్లాంటు, రోజుకు 1,400 టన్నుల చెత్తను కాల్చేందుకు, 2018 ఆగస్టులో ప్రారంభమైంది. కానీ అక్కడి చెత్తలో వంటింటి తడే ఎక్కువ, అది అంత తేలిగ్గా మండదు. చలిదేశంలోలా మిగిలిన వేడిని కొనుక్కునే ఇళ్లూ ఉండవు.

అక్కడ పట్టీని తగ్గించగలిగేది కరెంటు. దేశం కరెంటు దాదాపు అంతా నీటి నుంచే వస్తుంది. నీలి నైలు మీద కట్టిన 5,150 మెగావాట్ల గ్రాండ్ రినైసెన్స్ డ్యామ్‌ను 2025 సెప్టెంబరులో ప్రారంభించారు. ఇక మిగిలింది ఇంటిదాకా తీగ లాగడం. విద్యుత్ మితాద్ ఒక్కటే 3 కిలోవాట్లకు పైగా లాగుతుంది. రెండు బల్బులు, ఒక ఫోన్ ఛార్జర్ కోసం ఇచ్చిన కనెక్షన్ మీద అది వెలగదు.