‘బరువు తగ్గమ్మా’ అనకుండా ఐదు నిమిషాల్లో ఏం మాట్లాడాలి?

[షాట్: నాలుగు మడతల కాగితం. పక్కన రేషన్ కార్డు, ఆధార్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్.]

ఈ కాగితం చూడండి. ఒక పెద్దాసుపత్రిలో ఒక అప్పకి (మా వైపు అక్కని అలాగే పిలుస్తాం) ఇచ్చిన డైట్ చార్ట్. ఇచ్చి ఏడాదిన్నర అయింది, మడత కూడా నలగలేదు. రేషన్ కార్డుతో పాటు కవర్లో పెట్టి, ఆ కవర్ని ట్రంకు పెట్టెలో దాచింది. ఆమెకి చదువు రాదు. చదివి చెప్పే కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. “ఇందులో ఏముందప్పా?” అని అడిగితే, “ఏటో మంచిదే రాసుంటారు కదమ్మా” అంది.

[క్లోజప్: కాగితంలో ఒక వరుస.]

ఏం రాశారంటే, కార్బోహైడ్రేట్లు తగ్గించాలట. పొద్దున్న ఓట్స్ 40 గ్రాములు. రాత్రికి ఉడికించిన బ్రకోలీ. రాజాం సంతలో బ్రకోలీ ఎవరికైనా కనబడితే కింద కామెంట్లో చెప్పండి, నేనూ వచ్చి కొనుక్కుంటాను.

నమస్తే. నేను విజయనగరం జిల్లాలో ఒక విలేజ్ క్లినిక్‌లో నర్సుని. ఈ వీడియో లావుగా ఉన్నవాళ్ల కోసం కాదు. వాళ్లతో మాట్లాడాల్సిన వాళ్ల కోసం. అంటే ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు, అమ్మకి ఎలా చెప్పాలో తెలీక ఫోన్లో అరిచి పెట్టేసే కూతుళ్లు.

[తెర మీద: 36]

ఈ అంకె ఒక్కటి గుర్తుంచుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద చూస్తే అది 24. ఇంకోపక్క, 2011 జనాభా లెక్కల ప్రకారం మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ చదవగలిగిన ఆడవాళ్లు సగానికి కాస్త అటూ ఇటూ. ఈ రెండూ కలిసిన చోట కాగితం పంచిపెడితే అది ట్రంకు పెట్టెలోకే వెళ్తుంది.

అయితే ఒక మాట. చదువు లేకపోతే ఆరోగ్యం సంగతి బుర్రకెక్కదని అనుకుంటున్నారా? ఓసారి శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వెళ్లండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు. సంతకం పెట్టడం రాని ముసలమ్మ కూడా “కిరాటిన్ ఎంతొచ్చినాది?” అని అడుగుతుంది. మూడొస్తే ఏంటో, ఆరొస్తే ఏంటో ఆమెకి తెలుసు. కిరాటిన్ అంటే క్రియాటినిన్, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె. ఆ మాట మనకే సరిగ్గా నోరు తిరగదు. ఆమెకి ఎవరు పాఠం చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఒకరికి వచ్చింది, పక్కింట్లో ఒకరు పోయారు, అందుకని తెలుసుకుంది. తన బతుకుకి తగిలిన మాట ఎవరికైనా అర్థమవుతుంది. అర్థం కాలేదంటే మనం తగిలేలా చెప్పలేదనే లెక్క.

[షాట్: క్లినిక్ గుమ్మం, చెప్పులు.]

ఇప్పుడు మళ్లీ మన అప్ప దగ్గరికొద్దాం. ఆమె నా దగ్గరికి బరువు తగ్గుతానని రాలేదు. మోకాళ్ల నొప్పికి బిళ్లలు అడగడానికొచ్చింది. బరువుకి మందిమ్మని మా క్లినిక్‌కి ఇంతవరకూ ఎవరూ రాలేదు. మోకాలికొస్తారు, ఆయాసానికొస్తారు, బీపీ బిళ్లకొస్తారు. మనం మాట అక్కడ మొదలుపెట్టాలి.

నేను అడిగింది ఇదే: “అప్పా, మోకాలి నొప్పి తగ్గడానికి మందు కాకుండా ఇంకొకటుంది. చెప్పమంటావా?”

చెప్పమంటావా అని ఎందుకడగాలి అనొచ్చు మీరు. అడక్కుండా చెప్తే అది తిట్టులా వినిపిస్తుంది. “లావైపోయావు” అన్న మాట ఆమె ఇంట్లో వింటూనే ఉంది. మళ్లీ ఇక్కడ కూడానా? అడిగితే మాత్రం కాదనేవాళ్లు చాలా తక్కువ.

“సెప్పమ్మా” అంది.

“నీ ఒంట్లో ఒక్క కిలో తగ్గితే, అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.”

ఇది నేను సొంతంగా కల్పించింది కాదు. మోకాళ్లరిగినవాళ్లని నడిపించి కొలిచి చూసిన లెక్క. ఐదు కిలోలు తగ్గితే అడుగుకి ఇరవై కిలోలు. అప్ప కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “ఇరవై కేజీలంటే ఇంచుమించు బియ్యం మూటే కదమ్మా” అంది. ఇంక నేను షుగరనీ గుండె జబ్బనీ భయపెట్టాల్సిన పని లేకపోయింది.

[షాట్: చేతిలో తెల్లటి నూలు దారం.]

మీ దగ్గర టేపుంటే మంచిదే. బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు ఎంతుందో చూడ్డానికి ఆశా వర్కర్లు ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకి నింపే ఫారంలో ఆడవాళ్ల నడుం 80 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు మార్కులు. కానీ 80 అన్నా 90 అన్నా అప్పకి ఒకటే. అందుకే దారం.

[క్లోజప్, మెల్లగా.]

చూడండి. అప్పని గోడకి ఆనుకుని నిలబెట్టాను. మడమ దగ్గర్నుంచి నడినెత్తి దాకా దారం పట్టి తెంపాను. అది ఆమె ఎత్తు. ఇప్పుడు సగానికి మడిచి, మడత దగ్గర కూడా తెంపేశాను. ఈ సగం దారాన్ని ఆమె చేతికే ఇచ్చి, చీర కుచ్చిళ్లకి పైన, బొడ్డు చుట్టూ చుట్టుకోమన్నాను. ఊపిరి బిగబట్టకుండా. రెండు కొసలూ కలిస్తే ఫర్వాలేదు. కలవకపోతే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువున్నట్టు. నడుం చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదన్నదే ఇక్కడ సూత్రం. గర్భిణులకి మాత్రం ఇది వద్దు.

అప్పకి దారం కొసల మధ్య నాలుగు వేళ్లు పట్టింది. “అమ్మో” అని తనే నవ్వేసింది. ఆ దారం ఇంటికి తీసుకెళ్లి దేవుడి పటం కింద పెట్టింది. కాగితానికీ దారానికీ తేడా ఏంటంటే, దారాన్ని తీసి చూస్తుంది.

[షాట్: నేను కెమెరా వైపు.]

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. కొత్తలో ఒకామెకి “రాత్రి అన్నం మానెయ్” అన్నాను. “అర్థమైందా?” అంటే “ఆఁ, అయిందమ్మా” అంది. రెండు నెలలకి రెండు కిలోలు పెరిగి వచ్చింది. నాకు కోపమొచ్చింది కూడా. అడిగితే చెప్పింది: “అన్నం ముట్టుకోనేదమ్మా. టిఫినే తింతన్నాను.” రాత్రిపూట ఐదు దోసెలు, నూనె తేలేలా కాల్చి, వేరుశనగపప్పు చట్నీతో. ఆమె నా మాట అక్షరం తప్పకుండా పాటించింది. తప్పు నాదే.

అప్పట్నుంచి ‘అర్థమైందా’ అన్న ప్రశ్న అడగడం మానేశాను. దానికి మన వైపు ఒకటే జవాబుంటుంది. దాని బదులు ఇలా అడుగుతాను: “నేను సరిగ్గా చెప్పానో లేదో తెలీడం లేదప్పా. ఇంటికెళ్లాక మీ కోడలడిగితే ఏమని చెప్తావు?” అప్పుడు దోసెలు బయటపడతాయి. పరీక్ష పెట్టినట్టు కాకుండా, లోటు నా చెప్పడంలో ఉందేమో అన్నట్టు అడగాలి.

[షాట్: బియ్యం డబ్బా, కొలత గ్లాసు.]

మన అప్పతో తిండి గురించి ఎక్కువసేపు మాట్లాడాను. ఏం తింటావు అని కాదు, ఎప్పుడు తింటావు అని అడిగాను. అందరూ తిన్నాకే. అప్పటికి కూర గిన్నె అడుగంటుతుంది, అన్నం మాత్రం ఉంటుంది. చారు పోసుకుని, పచ్చడేసుకుని, ఉన్నదంతా తినేస్తుంది. “మిగిలిపోనాదనుకో, పారేత్తామేటమ్మా? నానే తినేత్తాను.”

ఈ ఒక్క మాట కోసమే ఐదు నిమిషాలూ కూర్చోవాలి. ‘కంచంలో అన్నం తగ్గించు’ అంటే ఆమెకి కుదరదు. ఆమె కంచంలో ఎంత పడాలో నిర్ణయమయ్యేది వడ్డించేటప్పుడు కాదు, బియ్యం కొలిచేటప్పుడు. అందుకని అక్కడికెళ్లాం. పూటకి ఎంత మిగులుతుందో తనే లెక్కేసుకుంది. పూటకో గుప్పెడు బియ్యం తక్కువ పొయ్యొచ్చు, ఎవరికీ తక్కువ కాదంది. గుప్పెడంటే 40, 50 గ్రాములు, 150 కేలరీలు అటూ ఇటూ. రెండు పూటలకీ మూడొందలు. ఆ కేలరీల లెక్క నా కోసం, మీ కోసం. ఆమెకి చెప్పలేదు.

నూనె సంగతి ఆరోజు ఎత్తలేదు. ఎత్తొచ్చు. మనిషికి రోజుకి నాలుగు చిన్న చెంచాలు చాలు, ఐదుగురున్న ఇంట్లో నెలకి మూడు లీటర్లు. కానీ ఒక రోజు ఒకటే. మూడు చెప్తే మూడూ పోతాయి.

[క్లోజప్: నేల మీద పది చింతపిక్కలు.]

తర్వాత పది చింతపిక్కలు పెట్టాను. “గుప్పెడు తగ్గించడం నీ వల్ల అవుతుందని ఎంత నమ్మకముందో అన్ని పిక్కలు తీసుకో.” ఏడు తీసింది. “మూడెందుకు ఒగ్గేశావు?” “మా అత్త కోసమమ్మా. బియ్యం తగ్గితే కసురుతాది, ఇల్లు కరువైపోనాదేటని.” చూశారా! అసలు అడ్డంకి నాలుక కాదు, అత్త. ఆ ముసలావిడకీ మోకాళ్ల నొప్పే. మర్నాడు ఆశా వెళ్లి ఆవిడకి కూడా దారం చుట్టింది. గొడవ తీరింది. ప్రతి ఇంట్లో ఇంత తేలిగ్గా తీరదు, అది కూడా చెప్పాలి.

[తెర మీద: 30 సెకన్లు]

ఇంత కొద్దిసేపటి మాటకి ఫలితముంటుందా అని డాక్టర్లే అడుగుతుంటారు. ఇంగ్లండ్‌లో 1882 మందితో పరీక్షించి చూశారు, 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వేరే పనికి డాక్టరు దగ్గరికొచ్చిన వాళ్లతో అర నిమిషం బరువు మాట. సగం మందికి ‘తగ్గితే మంచిది’ అని సలహా మాత్రమే. మిగతా సగానికి పన్నెండు వారాల ఉచిత తరగతికి అక్కడికక్కడే తేదీ రాయించారు. ఏడాదికి సలహా విన్నవాళ్లు సగటున ఒక కిలో తగ్గారు, తేదీ రాయించుకున్న గుంపు దాదాపు రెండున్నర కిలోలు. ఆ గుంపులో తరగతికి నిజంగా వెళ్లింది పదిమందిలో నలుగురే, అయినా సగటు అంత. బరువు మాట ఎత్తడం తగదు, పనికిరాదు అన్నవాళ్లు మొత్తంలో నలుగురంటే నలుగురు.

మన ఊళ్లో అలాంటి తరగతులు లేవు. కానీ డ్వాక్రా మీటింగ్ ఉంది, నెలనెలా జరుగుతుంది, అందరూ వస్తారు. “వచ్చే నెల మీటింగు రోజున, మీటింగు అవ్వగానే, దారం పట్టుకుని రా” అన్నాను. ‘ఎప్పుడైనా రా’ అంటే రారు.

[షాట్: వీధి కుళాయి, ఇంట్లో మిక్సీ.]

“రోజంతా పనే కదమ్మా, ఇంకా నడవడమేటి?” ఇది మీకు తప్పకుండా ఎదురయ్యే మాట. దీన్ని కొట్టిపారేయకండి, ఆమె అన్నది నిజమే. కాకపోతే రోలు పోయి మిక్సీ వచ్చింది, నుయ్యి పోయి కుళాయి వచ్చింది, కట్టెలు పోయి గ్యాస్ వచ్చింది. పలాస జీడి ఫ్యాక్టరీల్లో గింజ కొట్టే ఆడవాళ్లు పొద్దస్తమానం కష్టపడతారు, కానీ కూర్చునే. పని తగ్గలేదు, కదలిక తగ్గింది. అన్నం మాత్రం రోలు, నుయ్యి ఉన్నప్పటి కొలతే.

ఇంకో చిక్కుంది, పుస్తకాల్లో కనబడదు. మన వైపు ఒళ్లు చేస్తే కలిసొచ్చిందంటారు, తగ్గితే జబ్బంటారు. నాలుగు కిలోలు తగ్గిన మనిషిని పట్టుకుని “ఏటే, సుగరొచ్చినాదేటి? ఇలాగ సిక్కిపోనావు” అంటారు. ఆ మాటకి భయపడి మళ్లీ తినడం మొదలెట్టినవాళ్లని నేను చూశాను. కాబట్టి ముందే చెప్పి ఉంచండి: “ఇలా అంటారప్పా. నర్సమ్మ మోకాళ్ల కోసం చెయ్యమందని చెప్పు.”

చోడి (రాగి) అంబలి గురించి కూడా చాలామంది అడుగుతారు. తాగండి, మంచిది, కాల్షియం ఉంది, పీచు ఉంది. కానీ చోడికీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. బెల్లం దండిగా వేసి రెండు చెంబులు తాగి బరువు తగ్గలేదంటే అది చోడి తప్పు కాదు.

ఏమీ మార్చకుండానే బరువు పడిపోతున్నా, కాళ్లు వాచినా, నెలసరి తప్పుతున్నా, కొంచెం నడిస్తే ఊపిరాడకపోయినా దారం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పంపండి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి తిండి మార్పు మీరు చెప్పొద్దు. డబ్బాల్లో అమ్మే సన్నబడే పొడులు ఎవరికీ వద్దు.

[షాట్: మళ్లీ క్లినిక్ గుమ్మం. దారం పట్టుకున్న చెయ్యి.]

నెల తర్వాత అప్ప వచ్చింది. బరువు చూస్తే ముప్పావు కిలో తగ్గింది. మధ్యలో పది రోజులు చుట్టాలింట్లో పెళ్లట. లంగా బొందు ముడి పడేచోట ఎర్ర దారంతో ఒక కుట్టు వేసుకోమన్నాను కదా అని ఆమె గుర్తుచేసింది. నేను ఆ మాట ఎప్పుడన్నానో నాకు గుర్తులేదు. ముడి ఆ కుట్టు దాటి అర వేలు లోపలికొచ్చింది.

దారం చుట్టుకుంది. నాలుగు వేళ్ల సందు ఇంకా నాలుగు వేళ్లే. నేనేం మాట్లాడలేదు.

“మోకాలు ఎలాగుందప్పా?”

“అలాగే ఉందమ్మా. కానీ...” అని ఆగి, “రోజుకి నాలుగు టీలు తాగుతాను, రెండేసి చెంచాల పంచదార. నువ్వు ఆ సంగతి అడగనేదేటి?” అంది.

చింతపిక్కలు మళ్లీ బయటకు తీశాను.