పదిహేనేళ్లకు మొదలుపెట్టిన నవలతో టీనేజ్ పుస్తకాల దారి మార్చిన ఎస్.ఇ. హింటన్

[స్క్రీన్ మీద: బెంగళూరు చర్చ్ స్ట్రీట్, ఆదివారం సాయంత్రం, పుస్తకాల షాపు లోపల]

నమస్తే అండీ. చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల్లో సెలవు రోజున మన తెలుగు మాటలు చెవిన పడకుండా ఉండవు. మారతహళ్లి నుంచో వైట్‌ఫీల్డ్ నుంచో వచ్చిన కుటుంబం, చిన్నోడికి బొమ్మల పుస్తకాలు చూపిస్తూ అమ్మ, పరీక్షల గైడ్లు తిరగేస్తూ నాన్న, పద్నాలుగేళ్ల అమ్మాయి మాత్రం యంగ్ అడల్ట్, అంటే టీనేజ్ పిల్లల పుస్తకాలు, అని రాసున్న అర ముందు నేల మీదే చతికిలబడి చదువుకుంటూ ఉంటుంది. ఈ రోజు ఆ అర అంత నిండుగా ఉండటానికి కారణమైనవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు ఒకటుంది. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం, తల్సా అనే ఊరు, 1948లో పుట్టిన సూసన్ ఎలోయిస్ హింటన్. పుస్తకాల మీద ఎస్.ఇ. హింటన్.

ఆవిడ హైస్కూల్లో ఉన్నప్పుడు, అంటే 1960ల మధ్యలో, ఆ వయసు వాళ్లకని లైబ్రరీల్లో పెట్టిన పుస్తకాలు ఎక్కువగా స్కూల్ డాన్స్‌కి ఎవరితో వెళ్లాలి, మొదటి ప్రేమ, ఫుట్‌బాల్ మ్యాచ్, ఇలాంటివే. కానీ తన స్కూల్లో జరిగేది వేరు. డబ్బున్న వీధుల పిల్లలు ఒక జట్టు, తలకి నూనె దట్టంగా రాసుకుని తిరిగే పేదింటి పిల్లలు ఇంకో జట్టు, ఇద్దరూ ఎదురుపడితే తన్నులాటే. ఒకరోజు తనకి తెలిసిన కుర్రాడు ఇంటికి నడిచి వెళ్తుంటే పట్టుకుని కొట్టారు. తప్పేం చేశాడని? ఏమీ లేదు, వాడు ఆ జట్టు వాడు, అంతే. ఆ కోపంతో కూర్చుని రాయడం మొదలుపెట్టింది, అప్పటికి పదిహేనేళ్లు.

రాసిందాంట్లో ఎక్కువ భాగం పదహారేళ్లప్పుడే అయింది. అదే రోజుల్లో వాళ్ల నాన్నగారు జబ్బుపడి మంచాన ఉన్నారు, ఆ జబ్బుతోనే పోయారు కూడా. ఇంకో సంగతి, ఆ ఏడాది స్కూల్లో క్రియేటివ్ రైటింగ్ సబ్జెక్టులో ఆవిడకి వచ్చింది డి గ్రేడ్. నవల రాయడంలో మునిగిపోయి క్లాసు పని చేయలేదు మరి! మార్కులు చూసి పిల్లల్ని అంచనా వేసే మనలాంటి ఇళ్లలో ఈ సంగతి ఒకసారి గట్టిగా చెప్పుకోవాలి అనిపిస్తుంది నాకు.

స్నేహితురాలి అమ్మ పిల్లల పుస్తకాలు రాసేవారు, ఆవిడ ద్వారా రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఒక ఏజెంట్ దొరికారు, వైకింగ్ అనే ప్రచురణ సంస్థ వేస్తామంది. కాంట్రాక్టు చేతికొచ్చింది సరిగ్గా హైస్కూల్ గ్రాడ్యుయేషన్ రోజున. 1967లో ‘ది అవుట్‌సైడర్స్’ బయటికొచ్చింది. పేరు పొడి అక్షరాల్లో ఎందుకంటే, మగపిల్లల గొడవల గురించి ఆడపిల్ల రాసిందని తెలిస్తే రివ్యూ రాసేవాళ్లు చదవకముందే పక్కన పడేస్తారని ప్రచురణకర్తలకి భయం.

[స్క్రీన్ మీద: నవలలోని ముగ్గురు అన్నదమ్ముల పేర్లు, వయసులు]

కథ పోనీబాయ్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయి చెప్తాడు. అమ్మానాన్న కారు ప్రమాదంలో పోయారు. ఇరవై ఏళ్ల పెద్దన్న డారీ చదువు మానేసి కూలి పని చేసి ఇల్లు నడుపుతాడు, నడిపోడు సోడాపాప్ పెట్రోలు బంకులో పని. ముగ్గురూ సరిగ్గా లేకపోతే చిన్నవాళ్లని ప్రభుత్వం వాళ్లు పిల్లల హోమ్‌లో వేసేస్తారన్న టెన్షన్ ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. అందుకే తమ్ముడు ఆలస్యంగా ఇంటికొస్తే డారీ అరుస్తాడు, తమ్ముడేమో అన్నకి నేనంటే ఇష్టం లేదనుకుంటాడు, ఒక రాత్రి మాటా మాటా పెరిగి అన్న చెయ్యి చేసుకుంటాడు. పిల్లాడు ఇంట్లోంచి పరిగెడతాడు, ఆ రాత్రి పార్కులో జరిగిన దానితో అందరి బతుకులూ తలకిందులవుతాయి. ఏమవుతుందో చెప్పను, చదవండి. నాకు ఈ పుస్తకంలో కొట్లాటల కంటే ఆ చెంపదెబ్బే పెద్ద సంఘటన. కొట్టిన క్షణంలోనే డారీ బిత్తరపోతాడు చూడండి, ఇరవై ఏళ్ల కుర్రాడు తండ్రిలా ఉండాల్సి వస్తే ఎలా ఉంటుందో అక్కడ తెలిసిపోతుంది. దాన్ని రాసిన మనిషి డారీ కంటే చిన్నది!

పెద్దవాళ్లు ఈ కథలో దాదాపు కనబడరు. చివర్లో నీతి చెప్పడానికి కూడా ఎవరూ రారు. మన దగ్గర చూడండి, 1947లో మద్రాసు నుంచి మొదలైన చందమామ చిన్నపిల్లలకి దొరికిన గొప్ప అదృష్టం, కానీ అది దాటాక పిల్లలు ఏకంగా పెద్దవాళ్ల సీరియల్స్‌లోకి, పెద్దవాళ్ల నవలల్లోకి దూకాల్సిందే. పదమూడు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్లకి, వాళ్ల భాషలో, వాళ్ల గొడవలతో తెలుగులో వచ్చింది చాలా తక్కువ. బెంగళూరులో పెరిగే మన పిల్లలు ఇంగ్లీషు అర ముందే కూర్చుంటున్నారంటే తప్పు వాళ్లది కాదు.

సరే, పుస్తకం హిట్టయింది, తర్వాత? ఇక్కడే ఆవిడ జీవితంలో కష్టమైన భాగం. అంత చిన్న వయసులో అంత పేరు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ప్రతి వాక్యం దగ్గరా ఇది మొదటి పుస్తకం అంత బాగుందా అన్న భయం, దాదాపు మూడేళ్లు ఏమీ రాయలేకపోయింది. అప్పట్లో బాయ్‌ఫ్రెండ్‌గా ఉన్న డేవిడ్ ఒక షరతు పెట్టాడు, రోజుకి రెండు పేజీలు రాస్తేనే బయటికి తీసుకెళ్తానని. రెండు పేజీలే. బాగున్నాయా లేదా అని ఎవరూ అడగరు. అలా పేజీలు పోగయ్యి 1971లో రెండో నవల ‘దట్ వాజ్ దెన్, దిస్ ఈజ్ నౌ’ వచ్చింది. ఈ మధ్యలో, 1970లో తల్సా యూనివర్సిటీలో డిగ్రీ పూర్తయింది, డేవిడ్‌తోనే పెళ్లీ అయింది. ఆ తర్వాత 1975లో ‘రంబుల్ ఫిష్’, 1979లో ‘టెక్స్’.

సినిమా ఎలా వచ్చిందో చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర ఒక చిన్న స్కూల్లో లైబ్రేరియన్, అక్కడి పిల్లలు కలిసి, ఈ నవలని మీరే తియ్యాలి అని సంతకాలు చేసి దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలాకి ఉత్తరం పంపారు. ఆయన నిజంగానే తీశారు, 1983లో విడుదల. టామ్ క్రూజ్, పాట్రిక్ స్వేజీ, మాట్ డిలన్, డయాన్ లేన్ అందరూ అప్పటికి కుర్రవాళ్లే. హింటన్ అందులో నర్సుగా ఒక చిన్న సీన్‌లో కనిపిస్తారు. అదే ఏడాది ‘రంబుల్ ఫిష్’ కూడా కొపోలానే తీశారు, ఆ స్క్రిప్ట్ ఇద్దరూ కలిసి రాశారు. కొడుకు పుట్టింది కూడా ఆ ఏడాదే, తర్వాతి టీనేజ్ నవల 1988 దాకా రాలేదు. టీనేజ్ సాహిత్యానికి ఇచ్చే మార్గరెట్ ఎడ్వర్డ్స్ అవార్డు మొట్టమొదట అందుకున్నది ఆవిడే, అది కూడా 1988లోనే. ఇంకోవైపు ఇదే మొదటి నవలని స్కూళ్ల నుంచి తీసెయ్యమని అడిగిన తల్లిదండ్రులూ తక్కువ కాదు. 1990లలో అమెరికాలో ఎక్కువ అభ్యంతరాలొచ్చిన వంద పుస్తకాల జాబితాలో అదీ ఉంది. 2024లో ఈ నవల ఆధారంగా న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లో వేసిన మ్యూజికల్‌కి, అంటే పాటల నాటకానికి, అక్కడి నాటకాలకి ఇచ్చే టోనీ అవార్డు వచ్చింది.

[స్క్రీన్ మీద: నవలల అట్టలు వరసగా]

ఎక్కడ మొదలుపెట్టాలంటే ‘ది అవుట్‌సైడర్స్’తోనే, పదమూడు, పద్నాలుగేళ్లు వస్తే చాలు, ఇంగ్లీషు చాలా తేలిక. కత్తులు, చావులు ఉన్నాయి కాబట్టి అమ్మానాన్నలు ముందు ఒకసారి చదివి, తర్వాత పిల్లలతో కూర్చుని మాట్లాడండి. ‘రంబుల్ ఫిష్’ చిన్నదే గానీ మనసుకి బరువు, దాన్ని రెండేళ్లు ఆగి ఇవ్వండి. మీ ఇంట్లో ఎవరైనా తెలుగులో తమ స్కూలు గురించో, హాస్టల్ గురించో కథ రాస్తుంటే రెండు పేజీలైనా నాకు పంపించమనండి, తర్వాతి వీడియోలో వాళ్ల పేరుతో చదివి వినిపిస్తాను.