గెట్ అంటే పొందుట కాదండి బాబూ

హాయ్ అండీ అందరికీ, ఒడిశాలోని మన బరంపురం నుంచి మళ్లీ వచ్చీసాను, ఈరోజు ఒకే ఒక్క ఇంగ్లీష్ వెర్బ్, గెట్, దాని పాస్ట్ టెన్స్ గాట్, అంతే. ఇటు ఛత్రపురం, పర్లాకిమిడి నుంచి, అటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచి చూసే పిల్లలు ఎక్కువగా అడిగేది ఏటంటే, సార్ గెట్ కి మీనింగులు ఎన్నున్నాయో అన్నీ ఒక పీడీఎఫ్ లో పెట్టీయండి అని. నేను పెట్టను. పెట్టినా మీరు చదవరు, అది వేరే విషయం.

ఈ లెక్కలకి అంతు లేదండి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ 1989 ఎడిషన్ లో సెట్ అనే వెర్బ్ కి 430 అర్థాలు, తర్వాత రన్ దాన్ని దాటీసింది, 645, పీటర్ గిల్లివర్ అని ఆ డిక్షనరీ ఎడిటర్ ఆ రన్ ఒక్కదాని మీదే తొమ్మిది నెలలు కూర్చున్నాడట. అది ఆయన డ్యూటీ, జీతం ఇస్తారు. మీకెవరు ఇస్తారు?

సరే, అసలు చిక్కు ఎక్కడుందంటే మన గైడుల్లో ఉంది. గెట్ ఎదురుగా ఏటి రాసుంటుంది? పొందుట. ఇప్పుడు చెప్పండి, మా అబ్బాయి ఉద్యోగం పొందాడు అని మీ వీధిలో ఎవరైనా అన్నారా ఎప్పుడైనా? మావాడికి జాబ్ వచ్చీసిందమ్మా అంటారు, స్వీట్ చేతిలో పెడతారు. పొందు అనే మాట ఎక్కడ బతుకుతోందంటే గవర్నమెంట్ స్కీమ్ బోర్డు మీద, లబ్ధి పొందినవారు అని, ఇంక పేపర్లో డాక్టరేట్ పొందిన ఫలానావారు అని. ఇంట్లో లేదు. మరి ఇంట్లో లేని మాటతో గెట్ ని కట్టీసి వదిలేస్తే, నోటి దగ్గరికి వచ్చేసరికి గెట్ ఎలా వస్తుందండి? రాదు.

ఇందులో మన ఏరియాకి ఒక సిగ్గుచేటు కూడా ఉంది. జనం మాట్లాడే తెలుగునే పుస్తకాల్లో రాయాలి అని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. ఆ రోజుల్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ గా వచ్చిన యేట్స్ అనే దొర తెలుగు నేర్చుకుంటుంటే పుస్తకంలో తెలుగు ఒకటి, జనం నోట్లో తెలుగు ఇంకొకటి, ఏటిది అని అడిగాడట, పంతులు గారి పోరాటానికి అదీ ఒక కారణం అంటారు. 1936 లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లాక ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండలు వేస్తాం, మర్నాడు క్లాసులో గెట్ అంటే పొందుట అని రాయిస్తాం.

మరైతే గెట్ కి తెలుగులో జోడీ ఎవరు? వచ్చు. నాకు జాబ్ వచ్చింది, నాకు జ్వరం వచ్చింది, నాకు కోపం వచ్చింది, నాకు డౌట్ వచ్చింది, నీ మెసేజ్ నాకు వచ్చింది. అన్నిట్లో చూడండి, వచ్చేది జాబు, జ్వరం, కోపం, నేను ఊరికే కూర్చున్నాను, నా దగ్గరికి అవే నడిచి వస్తున్నాయి. ఇంగ్లీష్ లో రివర్స్. అక్కడ మనిషి ముందు నిలబడాలి, ఐ గాట్ ఎ జాబ్, ఐ గాట్ ఎ ఫీవర్, ఐ గాట్ యాంగ్రీ. తెలుగులో "నాకు" అని మొదలైన వాక్యాన్ని ఇంగ్లీష్ లోకి తెచ్చేటప్పుడు ఆ "నాకు" ని "ఐ" చేసీ, "వచ్చింది" ని "గాట్" చేసీండి, సగం పని అయిపోయినట్టే. ఇది తెలీకే మనవాళ్లు ఫీవర్ కేమ్ టు మీ, టు మీ డౌట్ కేమ్ అంటారు, వాళ్లకి గ్రామర్ రాక కాదు, వాళ్లు తెలుగులో కరెక్ట్ గానే ఆలోచిస్తున్నారు, తిప్పడం ఒక్కటే మర్చిపోతున్నారు. దొరికింది, అందింది, ముట్టింది కూడా ఇదే బాపతు. విశాఖ వెళ్లే ట్రైన్ లో నాకు సీటు దొరికింది, ఐ గాట్ ఎ సీట్. డబ్బులు ముట్టాయి, ఐ గాట్ ద మనీ. ఆఖరికి నాకు అర్థమైంది కూడా, ఐ గాట్ ఇట్.

అలాగని కనిపించిన ప్రతి వచ్చు కీ గెట్ పెట్టీకండి. మావయ్య వచ్చాడు అంటే మామూలుగా కేమ్, ఈత వచ్చు అంటే ఐ కెన్ స్విమ్. నవ్వొచ్చింది అని చెప్పి ఐ గాట్ లాఫ్ అంటే ఎదుటోడికి నిజంగానే నవ్వొస్తుంది.

మన బరంపురం పిల్లలకి ఇక్కడ ఒక లాభం ఉన్నాదండి, ఎవరూ గుర్తించరు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, టీవీలో హిందీ కదా మనకి. హిందీ తెలుగు లాగే, ముఝే నౌకరీ మిలీ, "నాకు" తోనే మొదలు. ఒడియాలో జ్వరం విషయంలో అలాగే ఉన్నా, పాయిబా అని ఒక వెర్బ్ ఉంది చూడండి, ముఁ చాకిరి పాయిలి, అందులో ముఁ అంటే "నేను", "నాకు" కాదు, అచ్చం ఐ గాట్ ఎ జాబ్ లైన్ లోనే వెళ్తుంది. అంటే ఒడియా ఫ్రెండ్ తో మాట్లాడేటప్పుడు మీరు రోజూ ఈ తిప్పుడు తిప్పుతూనే ఉన్నారు, ఇంగ్లీష్ దగ్గరికొచ్చేసరికే భయం. అన్నట్టు ఒడియాలో చాకిరి అంటే ఉద్యోగం, తెలుగులో చాకిరీ అంటే ఏటో మీకు తెలుసు, చేసేవాళ్లని అడిగితే రెండూ ఒకటేనంటారు. గెట్ కథ కూడా ఇలాంటి బోర్డర్ కథే, అది ఇంగ్లీష్ వాళ్ల సొంత మాట కాదు, నార్వే, డెన్మార్క్ వైపు నుంచి ఓడలెక్కి వచ్చి ఇంగ్లాండ్ లో సెటిలైపోయిన వైకింగుల భాషలోది, ఫర్గెట్ లో ఉన్న గెట్ మాత్రం పాత ఇంగ్లీష్ వాళ్లింటి చుట్టం.

రెండో రకం, గెట్ తర్వాత వస్తువు కాకుండా ఒక స్థితి వస్తే. ఇట్ గాట్ డార్క్, చీకటి పడింది. ద రైస్ గాట్ కోల్డ్, అన్నం చల్లారిపోయింది. ఐ గాట్ వెట్, తడిసిపోయాను. ఇక్కడ ఎవరికీ ఏదీ రాలేదు, ఉన్నది మారింది అంతే, తెలుగులో ఆ పని పడు, పోవు, అవు చేస్తాయి. పెళ్లయింది, గాట్ మారీడ్. దొరికిపోయాడు, గాట్ కాట్. నాకు సీటు దొరికింది, దొంగ దొరికాడు, రెండింటికీ ఒకటే దొరకడం, ఇంగ్లీష్ లో రెండింటికీ గాట్, ఇలాంటివి చూస్తే నాకు భలే సరదా.

ఇప్పుడు అసలైనది, ఇక్కడ కొంచెం నిదానంగా వినండి. మన తెలుగులో ఇంచు అని ఒక తోక ఉంది కదా, కుట్టు కుట్టించు, చేయు చేయించు, రాయు రాయించు. ఒక్క తోకతో పని మనది కాదు, ఇంకొకరి చేత అని తేలిపోతుంది. ఇంగ్లీష్ కి ఆ తోక లేదు పాపం, ఆ పనికి గెట్ ని కూలికి పెట్టుకుంది. మా అప్ప పట్టుచీర మీదకి బ్లౌజ్ కుట్టించుకుంది, మై సిస్టర్ గాట్ హర్ బ్లౌజ్ స్టిచ్డ్. బండి రిపేర్ చేయించాను, ఐ గాట్ మై బైక్ రిపేర్డ్. ఆర్డర్ జాగ్రత్త, గాట్, తర్వాత వస్తువు, తర్వాత పని. ఐ గాట్ స్టిచ్డ్ మై బ్లౌజ్ అనకూడదు, ఐ గాట్ స్టిచ్డ్ దగ్గర ఆగిపోతే ఎవరో మిమ్మల్నే కుట్టీసినట్టు. మనవాళ్లు అసలు గాటే వేయకుండా ఎస్టర్డే ఐ కట్ మై హెయిర్ అంటారు, తెలుగులో కటింగ్ చేసుకున్నాను అంటే షాపుకెళ్లానని అందరికీ తెలుసు, ఇంగ్లీష్ వాడు మాత్రం ఇతనే అద్దం ముందు కత్తెర పట్టుకున్నాడనుకుంటాడు. ఐ గాట్ మై హెయిర్ కట్, లేదా ఐ గాట్ ఎ హెయిర్ కట్.

అదే మనిషి చేత చేయిస్తే మధ్యలో టు వస్తుంది. ఐ గాట్ మై సిస్టర్ టు సింగ్, బతిమాలో, బుజ్జగించో పాడించాను. ఐ మేడ్ హర్ సింగ్ అంటే టు ఉండదు, బుజ్జగింపు కూడా ఉండదు, మెడ మీద కత్తి పెట్టి పాడించినట్టు. ఇంటర్వ్యూలో టీమ్ చేత పని చేయించాను అని చెప్పేటప్పుడు ఏ మాట వేస్తున్నారో చూసుకోండి, నా మాట వింటే గాట్.

బస్సు దిగడానికి మనం గెట్ డౌన్ అంటాం, అక్కడి వాళ్లు గెట్ ఆఫ్ అంటారు. ఇక్కడ గెట్ డౌన్ తో ఏ నష్టమూ లేదు, కండక్టర్ కి అర్థమైతే చాలు, ఫారిన్ వెళ్లేవాళ్లు మార్చుకోండి.

ఐ హావ్ గాట్ టూ బ్రదర్స్ లో గాట్ ని చూసి కంగారు పడకండి, అన్నదమ్ములు ఎక్కడి నుంచీ రాలేదు, ఉన్నారు అంతే. ఐ హావ్ గాట్ టు గో, దాన్నే ముక్కులోంచి ఐ గాట్టా గో అంటారు, వెళ్లాలి అని. మాట్లాడేటప్పుడు గాట్టా అనుకోండి, అప్లికేషన్ లో రాయకండి. ఇంక గెట్ ఓవర్, గెట్ బై, గెట్ అవే విత్ లాంటివి ఈ వీడియోలో కావాలనే వదిలీసాను, వాటిల్లో అర్థమంతా గెట్ లో లేదు, పక్కనున్న ముక్కలో ఉంది, ముందు ఆ ముక్కల సంగతి చూడాలి, అది ఇంకో వీడియో.