గొర్రె తిన్న గడ్డి లెక్క పెంటికలో దొరుకుతుంది

సమర్పకురాలు: నమస్కారం. బీట్లో మేసిన పశువుకు గడ్డిలో ఎంత భాగం అరుగుతుందో కనుక్కునే పద్ధతుల గురించి పశుపోషణ శాస్త్రం చదువుకున్న డాక్టరు గారు ఈ రోజు వివరిస్తారు. డాక్టరు గారూ, గడ్డి కోసి ప్రయోగశాలకు పంపితే సరిపోదా అండీ?

డాక్టరు: పాకలో కట్టి మేపే పశువుకైతే పని తేలికేనమ్మా. వేసిన మేతను, మిగిలిన మేతను, పడిన పేడను కొన్ని రోజులపాటు తూచి, ఎండు బరువు లెక్క కడితే అరిగినదెంతో తెలుస్తుంది. బీట్లో ఆ వీలు లేదు. నెల్లూరు జాతి గొర్రె వెనకాలే ఒక పూట నడిచి చూడండి. అది చీలిన పై పెదవితో గరిక దుబ్బులోంచి లేత ఆకును ఏరుకుని, ముదురు కాడను అలాగే వదిలేస్తుంది. మన కొడవలి ఆకునూ కాడనూ ఎండు రెబ్బనూ కలిపి కోస్తుంది. అందుకే గొర్రె నోరు పెట్టినచోట, అది తెంపిన భాగం లాంటిదే చేత్తో గిల్లి నమూనా తీయాలని నేను గట్టిగా చెబుతాను.

సమర్పకురాలు: ఆ నమూనాను ప్రయోగశాలలో ఏం చేస్తారు?

డాక్టరు: టిల్లీ, టెర్రీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1963లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. పొడి చేసిన గడ్డిని పశువు పెద్ద పొట్టలోంచి తీసిన ద్రవంలో, ఒంటి వేడికి సమానమైన వేడి దగ్గర, గాలి తగలకుండా 48 గంటలు ఉంచి, తరువాత ఆమ్లం, పెప్సిన్ అనే మాంసకృత్తులను అరిగించే జీర్ణరసం కలిపిన ద్రవంలో మరో 48 గంటలు ఉంచుతారు. చివరికి కరగక మిగిలినదే అరగని భాగం.

సమర్పకురాలు: పశువు ఎంత తిన్నదో తెలియకపోయినా అరుగుదల చెప్పవచ్చునంటారు. అదెలా?

డాక్టరు: నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఇది. గడ్డిలో ఇసుక జాతి పదార్థమైన సిలికా ఉంటుంది. గడ్డిని కాల్చిన బూడిదలో ఆమ్లానికి కరగకుండా మిగిలేది చాలావరకు అదే. అది పొట్టలో అరగదు కాబట్టి, మిగతా మేత అరిగిపోయిన కొద్దీ పెంటికలో దాని వంతు పెరుగుతుంది. గడ్డి ఎండు బరువులో అది 2 శాతం, పెంటికలో 5 శాతం ఉందనుకోండి. రెండును అయిదుతో భాగిస్తే 0.4 వస్తుంది, అంటే నూటికి 40 పాళ్ళు అరగలేదు, 60 పాళ్ళు అరిగింది. గొర్రెకు పెంటికలు పట్టే సంచి కట్టనక్కరలేదు, తిన్నది తూచనక్కరలేదు.

సమర్పకురాలు: మరి పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

డాక్టరు: మట్టి దగ్గరమ్మా. మట్టిలోనూ సిలికాయే ఉంటుంది. ఎండాకాలంలో పొట్టి గడ్డిని మొదలంటా కొరికే గొర్రె నోట్లోకి మట్టి పోతుంది. నేలమీద ఏరిన పెంటికకూ అంటుకుంటుంది. అప్పుడు పెంటికలో సిలికా ఎక్కువగా కనబడి, ముదురు గడ్డి కూడా బాగా అరిగినట్టు లెక్క తేలుతుంది. అందువల్ల పెంటికను నేల తాకకముందే, నేరుగా మలద్వారం నుంచే, ఉదయమూ సాయంత్రమూ కొన్ని రోజులపాటు సేకరించి కలపాలి. నోటి ద్వారా పోయే మట్టిని మాత్రం మనం ఆపలేం కనుక, గడ్డి మరీ పొట్టిగా ఉన్న బీట్లో సిలికాను వదిలి, గడ్డి ఆకుల మీది మైనంలో ఉండే, పొట్టలో పెద్దగా అరగని ఆల్కేన్లు అనే పదార్థాలను గుర్తుగా తీసుకోవడం మేలు.