ఉమ్మి గ్లాసు పరీక్ష పచ్చి అబద్ధం! ఈస్ట్ ఇన్‌ఫెక్షన్‌ను పట్టించే గుర్తులు వేరే ఉన్నాయి

"పొద్దున్నే నీళ్ల గ్లాసులో ఉమ్మండి, దారాల్లా కిందికి దిగితే ఒళ్లంతా ఈస్టే!" ఈ వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. అబద్ధమండీ. పచ్చి అబద్ధం! ఉమ్మిలో మ్యూసిన్ అనే జిగురు ప్రోటీన్ ఉంటుంది. రాత్రంతా నోరు ఎండితే ఉమ్మి చిక్కబడి, నీళ్లలో తీగలు సాగుతుంది. దానికి ఈస్ట్ అక్కర్లేదు. అసలు ఈ ఈస్ట్, అంటే కాండిడా అనే ఫంగస్, చాలామంది ఆరోగ్యవంతుల నోట్లో, పేగుల్లో మామూలుగానే ఉంటుంది. అదుపు తప్పి పెరిగితేనే జబ్బు.

అలసట, మతిమరుపు, తీపి మీద యావ... ఇవి ఎవరికి లేవు చెప్పండి? వీటినే ఈస్ట్ లక్షణాలని చెప్పి, జనాన్ని భయపెట్టి మందు డబ్బాలు అమ్ముకుంటున్నారు! నిజమైన ఈస్ట్ మామూలుగా ఒక చోట, కంటికి కనబడేలా వస్తుంది.

నోట్లో అయితే నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాల ముక్కల్లాంటి తెల్ల మచ్చలు. వేలికి తడి గాజుగుడ్డ చుట్టి మెల్లగా తుడవండి. మచ్చ ఊడి, కింద ఎర్రగా, కాస్త రక్తం చెమరుస్తుంటే ఈస్ట్ అయ్యే అవకాశం ఎక్కువ. ఊడకుండా రెండు వారాలు దాటిందా? అది ల్యూకోప్లేకియా (క్యాన్సర్‌గా మారే అవకాశమున్న తెల్ల మచ్చ) కావచ్చు, డెంటిస్టుకు చూపించాల్సిందే. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్లు ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

గజ్జల్లో, రొమ్ముల కింద అయితే తడితడిగా ఎర్రటి మచ్చ, దాని అంచు దాటి చిన్న చిన్న పొక్కులు. ఆ పొక్కులే అసలు గుర్తు! తామరకైతే పొలుసుల అంచు ఉబ్బి, మధ్యలో తేటపడుతుంది. దేనికైనా సరే, ఉత్త స్టెరాయిడ్ క్రీమ్ పూస్తే పైన ఎరుపు తగ్గుతుంది, కింద ఫంగస్ పెరుగుతుంది.

ఆడవాళ్లకు యోనిలో దురద, మంట, చిక్కటి తెల్లబట్ట. వాసన పెద్దగా ఉండదు. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో వస్తుంటే అది బ్యాక్టీరియా పని కావచ్చు. ఫంగస్ మాత్ర వేసినా తగ్గదు! స్వాబ్ (దూదిపుల్లతో నమూనా) తీసి మైక్రోస్కోపు కింద చూస్తే తేలిపోతుంది. గర్భిణులు ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ మాత్ర సొంతంగా వేసుకోవద్దు.

ఏడాదిలో మూడుసార్లు వచ్చిందా? గ్లాసు పక్కన పెట్టి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) చేయించండి. నన్నడిగితే, పదేపదే వచ్చే ఈస్ట్ వెనక ముందు వెతకాల్సింది షుగరునే. ఈ ఉమ్మి వీడియోలు చేసే పెద్ద నష్టం కూడా అదే, షుగరు పరీక్షను వెనక్కి నెట్టేస్తున్నాయి! ఇటీవల యాంటీబయాటిక్స్ వాడినా డాక్టరుకు చెప్పండి. నోట్లో మచ్చలతో పాటు మింగుతుంటే నొప్పి ఉంటే మాత్రం ఆగొద్దు, ఈస్ట్ అన్నవాహికలోకి దిగి ఉండొచ్చు.